గ్యాస్ నింపించిన రెండు నెలలకే ఏసీలో మళ్ళీ వేడిగాలి: కంప్రెసర్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: కారులో ఏసీ వేస్తే వేడిగాలి వస్తోంది. రెండు నెలల కిందట గ్యాస్ నింపించారు. కొన్ని వారాలు బాగానే పనిచేసి, మెల్లమెల్లగా చల్లదనం తగ్గి, ఇప్పుడు అస్సలు చల్లబడటం లేదు. చూసిన మెకానిక్ కంప్రెసర్ పోయింది, కొత్తది వేయాలి అన్నారు. కంప్రెసర్ మార్చాలా, ఇంకోసారి గ్యాస్ కొట్టిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

ఇప్పటికిప్పుడు ఆ రెండూ వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. ఏసీ గ్యాస్ వాడేకొద్దీ అయిపోయే సరుకు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి, సీళ్లలోంచి ఏడాదికి కొద్ది గ్రాములు జారిపోవడం మామూలే. రెండు నెలల్లో తేడా తెలిసిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. పైగా గ్యాస్ నింపిన కొత్తలో చల్లబడిందంటే, కనీసం అప్పటికి కంప్రెసర్ తన పని తాను చేస్తోంది. అందుకే మీ కారు విషయంలో నా మొదటి అనుమానం లీకు మీద, కంప్రెసర్ మీద ఆ తర్వాతే.

తేలేవరకు ఒక జాగ్రత్త. కింద చెప్పే పరీక్షలప్పుడు తప్ప ఏసీ బటన్ ఆపి ఉంచండి. కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాస్ తగ్గితే ఆ ఆయిల్ సరిగా తిరిగి రాదు, బాగున్న కంప్రెసర్ కూడా అరిగిపోతుంది. ముందు అద్దం మీద ఆవిరి పోవడానికి డీఫ్రాస్ట్ పెడితే చాలా కార్లలో కంప్రెసర్ దానంతటదే ఆన్ అవుతుంది, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

పరీక్షల్లోకి వెళ్లేముందు ఏసీ ఎలా చల్లబరుస్తుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇది తెలిస్తే మెకానిక్ చెప్పే మాటలో పస ఉందో లేదో మీకే అర్థమవుతుంది. మీ కారులో ఆర్-134ఏ గ్యాస్ ఉందనుకుందాం. బయట వాతావరణంలో వదిలేస్తే అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. ఒత్తిడి పెంచేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. డ్యాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్‌లో ఒత్తిడి సుమారు 30 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచేది కూడా దీంతోనే). ఆ ఒత్తిడి దగ్గర గ్యాస్ ఒక డిగ్రీ సెల్సియస్ దరిదాపుల్లో మరుగుతుంది, మరగడానికి కావాల్సిన వేడిని క్యాబిన్ గాలిలోంచి లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి, నొక్కి, సుమారు 200 పీఎస్ఐకి తీసుకెళ్తుంది. ఆ ఒత్తిడిలో అది 55 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంది. బయటి గాలి 35, 40 డిగ్రీలు ఉన్నా ఆ 55 కన్నా తక్కువే కాబట్టి, రేడియేటర్ ముందున్న కండెన్సర్ దగ్గర వేడి బయటికి పోతుంది. ద్రవమైన గ్యాస్ తేమను పీల్చే డ్రయ్యర్ గుండా వెళ్ళి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని సందు దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, మళ్ళీ కూలింగ్ కాయిల్‌లో మరగడం మొదలుపెడుతుంది.

అంటే వేడిగాలికి దారులు కొన్నే. కంప్రెసర్ అసలు తిరగకపోవడం, తిరిగినా నొక్కడానికి తగినంత గ్యాస్ లేకపోవడం, కండెన్సర్ వేడిని బయటికి వదలలేకపోవడం, మధ్యలో ఎక్కడో అడ్డు పడటం, లేదా కాయిల్ చల్లగానే ఉన్నా ఆ చల్లదనం మీదాకా రాకపోవడం. చివరిది చాలామంది మర్చిపోతారు. గ్యాస్ తీసి నింపి, వాల్వ్ మార్చి, చివరికి డ్యాష్‌బోర్డులోని చిన్న ప్లాస్టిక్ తలుపు దగ్గర తప్పు తేలిన కార్లు నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి.

అందుకే పనిముట్లు ముట్టుకునే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: వేడిగాలి ఎప్పుడు వస్తోంది? ఎప్పుడూ వేడేనా? కారు పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందా? మొదటి అరగంట చల్లగా ఉండి తర్వాత పోతోందా? ఎడమవైపు చల్లగా, కుడివైపు వేడిగా ఉందా? గాలి బలంగా వస్తూ వేడిగా ఉందా, లేక గాలే సన్నబడిందా? ఒక్కో జవాబు ఒక్కో చోటికి తీసుకెళ్తుంది. మీ విషయంలో జవాబు 'మెల్లగా తగ్గి పూర్తిగా పోయింది' కాబట్టి గ్యాస్ దిక్కు చూపిస్తోంది. అయినా కింద చెప్పిన పరీక్షలు ఖర్చు లేనివి. పావుగంటలో అయిపోతాయి. చేసి చూడండి.

కారును గాలి ఆడే చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి ఇంజిన్ ఆన్ చేయండి. ఏసీ పూర్తి చల్లదనానికి, బ్లోయర్ పూర్తి వేగానికి పెట్టి, బానెట్ ఎత్తండి. వదులు బట్టలు, మెడలో గొలుసులు, చున్నీలు బెల్టు దరిదాపులకు రాకూడదు. ఫ్యాను ఏ క్షణమైనా తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి. ఇప్పుడు లోపల ఒకరు ఏసీ బటన్ నొక్కుతూ ఆపుతూ ఉంటే మీరు కంప్రెసర్ వైపు చూడండి. పుల్లీ బెల్టుతో పాటు ఎప్పుడూ తిరుగుతుంది. దాని ముందున్న ప్లేటు బటన్ నొక్కగానే టక్‌మని అతుక్కుని కలిసి తిరగాలి. మెకానిక్‌లు మాగ్నెట్ అనేది దీన్నే. టక్‌మన్న చప్పుడు, దాంతో పాటే ఇంజిన్ కొంచెం బరువెక్కినట్టు మారిన శబ్దం రెండూ వినిపిస్తే మాగ్నెట్ పట్టుకున్నట్టే.

పట్టుకుంది కదా అని అక్కడే ఆగకండి. క్యాబిన్‌కూ ఇంజిన్‌కూ మధ్య గోడ దగ్గర రెండు అల్యూమినియం గొట్టాలు లోపలికి పోతుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. అయిదు నిమిషాలు ఏసీ నడిచాక లావు గొట్టాన్ని ముట్టుకోండి. గ్యాస్ సరిగా ఉంటే అది చేతికి జిల్లుమని తగలాలి, గాలిలో తేమ ఉన్న రోజైతే నీటిబొట్లు పట్టి ఉండాలి. సన్నది వెచ్చగా ఉంటుంది. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు పోయే గొట్టం మాత్రం చేయి కాలేంత వేడిగా ఉంటుంది, దాన్ని పట్టుకోవద్దు. లావు గొట్టం జిల్లుమంటోంది, లోపల మాత్రం వేడిగాలి వస్తోంది అంటే గ్యాస్, కంప్రెసర్, కండెన్సర్ అన్నీ పనిచేస్తున్నట్టు. తప్పు డ్యాష్‌బోర్డులో ఉంది. రెండు గొట్టాలూ ఒకేలా ఉంటే, గ్యాస్ తిరగడం లేదు లేదా బాగా తగ్గిపోయింది.

ముందుగా మాగ్నెట్ పట్టుకోని సందర్భం చూద్దాం. ఫ్యూజు, రిలే (కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) మొదట చూడాలి. బానెట్ కింది పెట్టెలో ఏసీ రిలే పక్కనే హారన్‌కో మరోదానికో అదే రకం రిలే ఉంటుంది. రెండూ ఒకే నంబరువైతే మార్చి పెట్టి చూడవచ్చు. అవి బాగుంటే ప్రెషర్ స్విచ్ వంతు. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ పాడవకుండా ఈ స్విచ్ కరెంటు వెళ్లనివ్వదు. చాలా కార్లలో సుమారు 2 బార్ (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ) కన్నా తగ్గితే కట్ చేస్తుంది. ఒత్తిడి మరీ పెరిగి 30 బార్ దరిదాపులకు చేరినా కట్ చేస్తుంది. కాబట్టి మీ కారులో మాగ్నెట్ పట్టుకోకపోతే దాన్ని చూసి 'కంప్రెసర్ పోయింది' అనడం తొందరపాటు. గ్యాస్ లేనందుకే అది ఆగి ఉండొచ్చు. కొందరు ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పి చూస్తారు. గ్యాస్ లేకుండా అలా తిప్పితే, లేని జబ్బు తెచ్చిపెట్టినట్టే అవుతుంది. ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి.

ఇంజిన్ వేడెక్కినా, బ్యాటరీ వోల్టేజి పడిపోయినా కూడా కారులోని కంప్యూటర్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ముందు అది చూసుకోవాలి, ఏసీ సంగతి ఆ తర్వాత.

మాగ్నెట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అనవసరంగా పోయే డబ్బు చాలా ఎక్కువ. ఒక కారు నా దగ్గరికొచ్చింది. పొద్దున్నే తీస్తే ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది. అరగంట నడిచి ఇంజిన్ గది వేడెక్కాక వేడిగాలి మొదలు. కాసేపు ఆపి ఉంచితే మళ్ళీ చల్లన. అంతకు ముందు వేరేచోట గ్యాస్ తీసి నింపారు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చారు. గుణం లేదు. వేడిగాలి వస్తున్న సమయంలోనే బానెట్ ఎత్తి చూశాను. పుల్లీ తిరుగుతోంది, ప్లేటు నిలబడి ఉంది. మాగ్నెట్ కాయిల్ వైరు దగ్గర మల్టీమీటర్ పెడితే 13 వోల్టులు చక్కగా అందుతున్నాయి. అంటే కరెంటు వస్తోంది, కాయిల్ లాగలేకపోతోంది. ఇంజిన్ ఆపి, ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ దూరిస్తే 0.9 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరిపోయింది. చాలా కంప్రెసర్లకు అక్కడ 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

జరిగేది ఏమిటంటే, అతుక్కున్నప్పుడల్లా ప్లేటు కొద్దికొద్దిగా అరిగి ఆ సందు పెరుగుతూ పోతుంది. రాగి తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం బలం కూడా తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.9 దూరం నుంచి లాగగలిగిన కాయిల్, వేడెక్కాక లాగలేదు. ప్లేటు వెనక ఇరుసు మీద సన్నని షిమ్ వాషర్లు ఉంటాయి. వాటిలో ఒకటి తీసేసి బిగిస్తే సందు 0.5కి వచ్చింది, ఏసీ మామూలు అయింది. గ్యాస్ ముట్టుకోవాల్సిన పనే పడలేదు. మీకు ఎవరికైనా 'వేడెక్కితే ఏసీ పోతోంది, చల్లారితే వస్తోంది' అన్న లక్షణం ఉంటే ముందు ఈ సందు కొలవమని అడగండి.

అన్ని కార్లలోనూ ఈ మాగ్నెట్ ఉండదు. ఈమధ్య వస్తున్న చాలా కార్లలో కంప్రెసర్ ఎప్పుడూ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది, లోపల పిస్టన్ల స్ట్రోకును ఒక కంట్రోల్ వాల్వ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇందులో టక్ అనే చప్పుడు కోసం ఎదురుచూడకూడదు. ఆ కంట్రోల్ వాల్వ్ ఒక్కటే చెడిపోయినా కంప్రెసర్ మొత్తం పోయినట్టే కనిపిస్తుంది. స్కానర్ పెట్టి కంప్యూటర్ ఆ వాల్వ్‌కు ఎంత శాతం సిగ్నల్ ఇస్తోందో, హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే వైపు) ఒత్తిడి దానికి తగ్గట్టు పెరుగుతోందో లేదో చూడాలి. చాలా రకాల్లో వాల్వ్ విడిగా మార్చుకోవచ్చు.

ఇక గేజ్‌లు, అంటే గొట్టాల్లో ఒత్తిడి కొలిచే మీటర్లు. నీలం రంగు లో సైడ్‌కు, అంటే కంప్రెసర్ పీల్చే వైపుకు; ఎరుపు హై సైడ్‌కు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రెండు సూదులూ ఒకే అంకె చూపిస్తాయి, ఆ అంకె బయటి వేడిని బట్టి ఉంటుంది. ఆర్-134ఏ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 35 డిగ్రీల దగ్గర సుమారు 114. ఇక్కడ ఒక మెలిక ఉంది. సిస్టమ్‌లో కొంచెం ద్రవం మిగిలి ఉన్నా చాలు, ఆపి ఉన్నప్పుడు అంకె అంతే చూపిస్తుంది. సగం గ్యాసే ఉన్నా 97, నిండా ఉన్నా 97. కాబట్టి ఇంజిన్ ఆపి గేజ్ చూసి 'గ్యాస్ ఫుల్లుగా ఉంది' అనేవాళ్ల మాట నమ్మకండి. ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపిస్తే మాత్రం దాదాపు ఖాళీ అని ఖాయంగా చెప్పొచ్చు.

ఇంజిన్‌ను 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, తలుపులు తీసి, బ్లోయర్ పూర్తిగా పెట్టి చదివిన అంకెలే అసలైనవి. 30, 35 డిగ్రీల ఎండలో లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 180 నుంచి 260 దాకా ఉంటే ఫరవాలేదు. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా గాలి కలిసింది, లేదా కండెన్సర్‌కు గాలి తగలడం లేదు. లో సైడ్ సున్నా దాకా పడి ఇంకా కిందికి, వ్యాక్యూమ్‌లోకి పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనో డ్రయ్యర్‌లోనో అడ్డు ఉంది. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ, ఇంజిన్ వేగం పెంచినా రెండు సూదులూ దగ్గరదగ్గరగానే ఉంటే, అప్పుడు కంప్రెసర్‌ను అనుమానించాలి. మీకు కంప్రెసర్ మార్చాలని చెప్పినాయన ఈ అంకెలు మీకు చూపించారా? చూపించకపోతే అడగండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

రెండూ ఎక్కువగా ఉన్నప్పుడు కారణం గ్యాస్ ఎక్కువవడమా, కండెన్సర్‌కు గాలి తగలకపోవడమా అని తేల్చడానికి ఒక సులువైన మార్గం ఉంది. ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద మామూలు గొట్టంతో నీళ్లు మెల్లగా పోయండి. హై సైడ్ సూది వెంటనే బాగా కిందికి దిగి, లోపల చల్లగాలి మొదలైతే కండెన్సర్‌కు గాలి చాలడం లేదని ముందుగా అనుకోవాలి. ఫ్యాన్ తిరుగుతోందా, పూర్తి వేగంతో తిరుగుతోందా చూడండి. ఏసీ వేసిన కొద్దిసేపట్లో ఫ్యాన్ తిరగాలి. పరుగెత్తేటప్పుడు చల్లగా, ఆగితే వేడిగా అనే లక్షణానికి మొదటి కారణం ఇదే: ఫ్యాన్ మోటారు బ్రష్‌లు అరగడం, రిలే, లేదా వేగాన్ని మార్చే రెసిస్టర్. ఫ్యాన్ బాగుంటే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. ముందునుంచి శుభ్రంగా కనిపించే కండెన్సర్ వెనక దుమ్ము, పీచు, పురుగులు దట్టంగా అట్టకట్టి ఉంటాయి. దాన్ని నీళ్లతో మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నని రెక్కలు వంగి ఉన్న దారీ మూసుకుపోతుంది.

ఇప్పుడు మీ అసలు సమస్యకు, అంటే లీకుకు వద్దాం. లీకైన గ్యాస్ కంటికి కనిపించదు కానీ దాంతో పాటు బయటికొచ్చే ఆయిల్ కనిపిస్తుంది. ఆ జిడ్డు మీద దుమ్ము పట్టి నల్లటి తడిమచ్చలా ఉంటుంది. ముందు గ్రిల్లులోంచి కండెన్సర్‌ను టార్చితో చూడండి. రాళ్లు తగిలేది దానికే. తర్వాత గొట్టాలు కలిసే ప్రతి జాయింటు చూడండి. అక్కడ రబ్బరు ఓ-రింగులు ఉంటాయి, ఎండిపోయి పగులుతాయి. కంప్రెసర్ పుల్లీ వెనక, దానికి ఎదురుగా బానెట్ అడుగున గీతలాగా ఆయిల్ చిమ్మి ఉంటే ఇరుసు సీలు కారుతోంది. గ్యాస్ నింపే వాల్వుల ప్లాస్టిక్ మూతలు తీసి లోపల సబ్బునీళ్ల చుక్క వేయండి. బుడగ పొంగితే లోపలి చిన్న పిన్ను లీకు. నమ్మశక్యం కాకపోవచ్చు గానీ గ్యాస్ నింపాక మళ్ళీ మళ్ళీ ఖాళీ అయ్యే కార్లలో కొన్నిటికి కారణం ఈ చిన్న పిన్నే, అక్కడ మూత పెట్టకుండా వదిలేయడమే.

కంటికి ఏమీ దొరకకపోతే నైట్రోజన్ పెట్టించాలి. సిస్టమ్‌లో 150 పీఎస్ఐ దాకా పొడి నైట్రోజన్ నింపి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి, కొన్ని గంటలు వదిలి సూది దిగుతుందేమో చూస్తారు. దాని బదులు మామూలు ఎయిర్ కంప్రెసర్ గాలి పెడతామంటే వద్దనండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా ఒత్తిడిలో గాలితో కలిసిన ఆర్-134ఏ మంటకు దారితీయగలదు. ఆక్సిజన్ అయితే అసలే కూడదు. ఆయిల్ తగిలితే పేలుతుంది.

ఇంకో పద్ధతి డై. అల్ట్రావయొలెట్ కాంతిలో మెరిసే రంగును గ్యాస్‌తో పాటు ఎక్కించి, కొన్ని రోజులు కారు తిప్పాక ఆ లైటు వేసి చూస్తే కారిన చోట పచ్చగా మెరుస్తుంది. నెలల మీద ఖాళీ అయ్యే సన్నని లీకులకు నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ కారుతుంటే కంటికి కనిపించదు కాబట్టి, కారు కింద నీళ్లు పడే గొట్టం కొసకు ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెట్టి చూడాలి, లేదా అక్కడి నీళ్లలో డై మెరుస్తుందేమో చూడాలి. కాయిల్ అని తేలితే పని పెద్దదే, చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. అందుకే కాయిల్ అనేముందు మిగతావన్నీ తేల్చుకోవాలి.

లీకు ఆపేస్తుందని చెప్పి డబ్బాల్లో అమ్మే ద్రవాలు పోయించవద్దని గట్టిగా చెబుతాను. అవి గాలి, తేమ తగిలిన చోట గట్టిపడేలా తయారుచేసినవి. సిస్టమ్‌లో ఎక్కడైనా తేమ మిగిలి ఉంటే అక్కడా గట్టిపడతాయి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సందు వెంట్రుకంత. అది మూసుకుపోతే చిన్న ఓ-రింగుతో పోయేది పెద్ద రిపేరవుతుంది. తెలిసిన వర్క్‌షాపులు అలాంటి కారుకు తమ మెషీన్ తగిలించడానికి కూడా ఒప్పుకోవు.

లీకు బాగుచేశాక గ్యాస్ ఎలా నింపుతారన్నది కూడా అంతే ముఖ్యం. సిస్టమ్ తెరిచినప్పుడు డ్రయ్యర్ మార్చడం మంచిది, అది తేమను పీల్చి నిండిపోయి ఉంటుంది. తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. గాలి తీసేయడం ఒక్కటే దాని పని అనుకుంటారు, తేమను తీయడం అంతకన్నా పెద్ద పని. వాతావరణ పీడనంలో ఇరవై నాలుగో వంతుకు దిగితే 30 డిగ్రీల దగ్గరే నీళ్లు మరుగుతాయి, ఆవిరై పంపులోంచి బయటికి పోతాయి. అయిదు నిమిషాలు పంపు వేసి 'అయిపోయింది' అంటే తేమ లోపలే ఉండిపోతుంది. ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడితే కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వస్తుంది. ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి కాయిల్‌ను లోపలినుంచి తింటుంది. వ్యాక్యూమ్ నిలిచింది కదా, లీకు లేనట్టే అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. వ్యాక్యూమ్‌లో బయటినుంచి లోపలికి ఉండే ఒత్తిడి ఒక్క బారే. ఏసీ నడిచేటప్పుడు హై సైడ్‌లో లోపలినుంచి బయటికి పద్నాలుగు బార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. సన్నని లీకు ఆ పరీక్షలో దొరక్కుండా తప్పించుకుంటుంది.

గ్యాస్ తూకం వేసి నింపాలి. బానెట్ అడుగునో ముందు క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే కమ్మీ) మీదో స్టిక్కర్ ఉంటుంది, అందులో గ్యాస్ రకం, గ్రాములు రాసి ఉంటాయి. చిన్న కార్లకు సాధారణంగా 400 నుంచి 600 గ్రాముల మధ్య. ఇంత తక్కువ మోతాదులో వంద గ్రాముల తేడా కూడా చల్లదనం మీద పడుతుంది. గొట్టం చల్లబడేదాకా కొడుతూ పోతే ఎక్కువైపోయే ప్రమాదం ఉంది. ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా నిండిపోయి, వేడి వదిలే చోటు తగ్గించేస్తుంది. ఫలితం మళ్ళీ వేడిగాలే. గ్యాస్‌తో పాటు కారిపోయిన ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన రకమే, చెప్పినంతే వేయాలి. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది, దాని బదులు ఆర్-134ఏ కొట్టకూడదు, రెండూ కలపకూడదు. వంటగ్యాస్ తరహా మిశ్రమాలు చవకగా చల్లబరుస్తాయని ఎవరైనా అంటే వినకండి. ముందు గుద్దుకుంటే మొదట పగిలేది కండెన్సరే, ఆ గ్యాస్ మండేది.

గ్యాస్ తీయడం, నింపడం లాంటి పనులు ఇంట్లో చేయవద్దు. చేతి మీద పడిన ఆర్-134ఏ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగి చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. గాలిలోకి వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మెషీన్‌తో తీసి, శుద్ధి చేసి, మళ్ళీ నింపే వర్క్‌షాపుకే వెళ్ళండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లయితే ఇంకా జాగ్రత్త. నారింజరంగు తీగల్లో ప్రాణాలు తీసే వోల్టేజి ఉంటుంది, కంప్రెసర్ ఆయిల్ కూడా వేరు. పొరపాటున మామూలు కార్లలో వాడే పీఏజీ ఆయిల్ కలిస్తే మోటారు ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

లావు గొట్టం జిల్లుమంటున్నా లోపల వేడిగాలి వచ్చేవారి కోసం కొంచెం. చల్లగాలిని, హీటర్ గాలిని కలిపే తలుపు డ్యాష్‌బోర్డులో ఉంటుంది, దాన్ని చిన్న మోటారు తిప్పుతుంది. దాని ప్లాస్టిక్ పళ్లు విరిగితే టెంపరేచర్ మార్చినప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది. ఒకవైపు చల్లగా, ఒకవైపు వేడిగా వచ్చే రెండు జోన్ల కార్లలో ఇది బాగా సామాన్యం, అయితే గ్యాస్ కొద్దిగా తగ్గినా అలాగే వస్తుంది కాబట్టి రెండూ చూడాలి. హీటర్‌కు వేడినీళ్లు తెచ్చే రబ్బరు గొట్టాన్ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గొట్టం నలగని క్లాంపుతో నొక్కిపెట్టి, కారు నడిపి చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు చల్లగాలి వస్తే తలుపుదే తప్పు.

మొదట బాగా చల్లగా వచ్చి, తర్వాత గాలే సన్నబడి, ఏసీ ఆపాక కారు కింద బోలెడు నీళ్లు కారితే కాయిల్ మీద మంచు కట్టినట్టు. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ముతో అట్టకట్టి ఉంటే అది మార్చితే పోతుంది. పోకపోతే కాయిల్ ఉష్ణోగ్రత చదివే థర్మిస్టర్ తప్పు చెబుతోంది, అది చిన్న ఖర్చు.

కంప్రెసర్ నిజంగానే పోయిందని గేజ్‌లు చెబితే, లేదా లోపల గరగరమని లోహపు చప్పుడు వస్తే, మార్చక తప్పదు. అప్పుడు మాత్రం పాతదాని ఆయిల్ ఒక తెల్లగుడ్డ మీద పోయించి చూడండి. తేటగా ఉంటే మంచిదే. వెండిరంగు పొడి మెరుస్తుంటే ఆ పొడి ఇప్పటికే సిస్టమంతా చేరి ఉంటుంది. గొట్టాలు కడిగించవచ్చు కానీ ఇప్పటి కండెన్సర్ల లోపలి దారులు మరీ సన్నవి, ఎంత కడిగినా శుభ్రపడవు. కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూడూ కొత్తవి వేయాలి. ఖర్చని ఆలోచించి ఒక్క కంప్రెసరే మార్చితే, ఆ పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది, తూకంతో గ్యాస్ తీసి నింపే మెషీన్ ఉన్న చోటికి వెళ్ళి, లోపల మిగిలిన గ్యాస్ ఎన్ని గ్రాములుందో తీయించి చూడటం. స్టిక్కర్ మీద 500 ఉండి మెషీన్‌లోకి 150 వస్తే లీకు ఖాయమైనట్టే, కంప్రెసర్ మాట అప్పటికి పక్కన పెట్టవచ్చు. నైట్రోజన్ పరీక్ష, రిపేరు, డ్రయ్యర్, అరగంట వ్యాక్యూమ్, డైతో పాటు తూకం గ్యాస్, ఈ వరసలో చేయించండి. అయ్యాక రీసర్క్యులేషన్‌లో (లోపలి గాలే తిరిగేలా) పది నిమిషాలు నడిపి, మధ్య వెంట్‌లో వంటింటి థర్మామీటర్ లాంటిది ఏదైనా పెట్టి చూడండి. బయట 35 డిగ్రీలుంటే అక్కడ 6 నుంచి 12 డిగ్రీల మధ్య రావాలి. ఆ అంకె, ఆ రోజు గేజ్ రీడింగులు రాసి పెట్టుకోండి. మూడు వారాల తర్వాత మళ్ళీ అదే పద్ధతిలో కొలిచి, తేడా కనిపిస్తే అల్ట్రావయొలెట్ లైటుతో జాయింట్లన్నీ చూడమనండి. డై అప్పటికి సిస్టమంతా తిరిగి ఉంటుంది, ఇంకో లీకు ఉంటే దాని జాడ కనిపిస్తుంది.